టీకాల మ్యాప్‌లో ఆంధ్ర వెనకబడినట్టు ఎందుకు కనిపిస్తుంది? ఓటుకీ టీకాకీ లంకె ఎంత?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మ్యాప్‌లో ఒడిశా 90 శాతం దాటితే ఆంధ్రప్రదేశ్ 73 దగ్గర ఆగింది. గుంటూరులో, విజయవాడలో సందుకో పిల్లల డాక్టరు ఉండగా ఇదేం లెక్క? టెక్సస్‌లో ఉన్న మీ తమ్ముడేమో అక్కడ ఓట్ల మ్యాపూ టీకాల మ్యాపూ ఒకటేనంటున్నాడు. మరి ఇక్కడి తేడా కూడా పార్టీల పుణ్యమేనా?

ముందు సూటిగా చెప్తాను. మన దగ్గర పిల్లల టీకాల శాతం ఏ పార్టీకి ఓటు పడిందన్న దాన్ని బట్టి నడవదు. రాజకీయం లేదని కాదు. అది ఖాళీగా పడి ఉన్న ఏఎన్ఎం (ఊళ్లో టీకాలు వేసే ప్రభుత్వ నర్సు) పోస్టులోంచి, ఊరికి దూరంగా కట్టిన కాలనీలోంచి, జీతాల కోసం జరిగే సమ్మెలోంచి వస్తుంది. కానీ అక్కడికి వెళ్లేముందు మ్యాప్‌లో అంకెని గట్టిగా తట్టి చూడాలి. తేడా ఉన్న మాట నిజమే. ఎంతన్నదే పేచీ.

ఆ 73 ఐదో విడత సర్వేది. కాగితం మీద 2019-21 అని ఉంటుంది గానీ, మన రాష్ట్రంలో ఇల్లిల్లూ తిరిగింది 2019 జులై నుంచి నవంబర్ వరకు. లెక్కలోకి తీసుకున్నది అప్పటికి 12 నుంచి 23 నెలల వయసున్న పిల్లల్ని. వాళ్లకి టీకాలు పడాల్సిన కాలం 2017 మధ్య నుంచి 2019 దాకా. గ్రామ, వార్డు సచివాలయాలు మొదలైంది 2019 అక్టోబర్ 2న. అంటే సచివాలయానికో ఏఎన్ఎం అన్న ఏర్పాటు ఫలితం ఈ అంకెలో దాదాపు లేదు. ఒడిశా, తమిళనాడు రెండో దశలో, 2020 మొదలయ్యాక సర్వే అయ్యాయి. ఇప్పుడు ఎవరైనా ఆ 73ని చూపించి ఈ ప్రభుత్వాన్నో, పోయిన ప్రభుత్వాన్నో తిడుతుంటే తేదీ చూసుకోలేదని అర్థం.

ఇక 'పూర్తి టీకాలు' అన్న మాటకి ఆ సర్వేలో అర్థం ఎనిమిది డోసులు. బీసీజీ (క్షయకి వేసే టీకా) ఒకటి, తట్టు టీకా ఒకటి, పోలియో చుక్కలు మూడు (పుట్టగానే వేసేది కలపకుండా), పెంటా (ఐదు జబ్బులకి ఒకే సూది) లేదా డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) మూడు. ఎనిమిదిలో ఏడు పడి ఒకటి తప్పినా ఆ బిడ్డ 'పూర్తి' గడిలోకి రాడు. కాబట్టి మిగిలిన 27 శాతాన్ని 'టీకాలు వేయించని వాళ్లు' అని చదవకూడదు. అసలు ఒక్క పెంటా డోసూ పడని పిల్లలు వేరే రకం లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ అంచనాల్లో దేశం మొత్తం మీద వాళ్లు 2023లో సుమారు 16 లక్షలు, 2024లో సుమారు 9 లక్షలు. పూర్తిగా వేయించని వాళ్లలో ఎక్కువమంది మొదలుపెట్టి మధ్యలో ఆపేసినవాళ్లే. బాగు చేయాల్సింది ఎక్కడో ఇది చెప్తుంది.

టీకాల కార్డు సంగతి ఇంకోటి. సర్వే వాళ్లు కార్డు అడుగుతారు. లేకపోతే తల్లికి గుర్తున్నది రాసుకుంటారు. దేశం మొత్తం మీద రెండూ కలిపితే 76.4 శాతం, కార్డు చూపించిన పిల్లల్ని మాత్రమే తీసుకుంటే 83.8. ఏడు పాయింట్ల పైగా తేడా. కార్డు దాచుకునే ఇల్లు టీకాలు కూడా జాగ్రత్తగా వేయిస్తుందన్నది ఇందులో కొంత. మిగతాది మరుపు. 'తొడకి సూదులు ఎన్నిసార్లు వేశారమ్మా' అంటే మూడో రెండో చెప్పలేని తల్లులు చాలామంది ఉంటారు, వాళ్ల తప్పేం లేదు. పైగా మన వైపు తొలి కాన్పు పుట్టింట్లోనే. కార్డు తెనాలిలో అమ్మమ్మ బీరువాలో ఉంటుంది, సర్వే వాళ్లు విజయవాడ అత్తగారింటికి వస్తారు.

జిల్లా అంకెలు ఇంకా పల్చన. ఆ సర్వేలో ఉన్నవి పాత 13 జిల్లాలు. 2022 ఏప్రిల్ 4న గుంటూరు మూడైంది, గుంటూరు, పల్నాడు, బాపట్ల అని. కృష్ణా రెండైంది, విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి పోయింది. 'గుంటూరు జిల్లా ఇంత' అని మీరు చూసే అంకెలో మాచర్ల ఉంది, రేపల్లె ఉంది, మంగళగిరి ఉంది. ఇప్పటి గుంటూరు జిల్లాకి దాన్ని అంటగట్టలేం. ఒక జిల్లాలో 12-23 నెలల పిల్లలు సర్వేకి దొరికేది కొన్ని పదుల మందే. 60 మందిలో 45 మందికి పూర్తయితే 75 శాతం అని అచ్చవుతుంది. కానీ ఆ నమూనాకి అటూ ఇటూ 11 పాయింట్ల ఊగులాట ఉంటుంది, అంటే 64కీ 86కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఒకే వీధి పిల్లలు ఒకేలా ఉంటారు కాబట్టి అది ఇంకాస్త పెరుగుతుంది. జిల్లా పత్రంలో అంకె చుట్టూ బ్రాకెట్ ఉంటే అక్కడ దొరికిన పిల్లలు 25 నుంచి 49 మందే. చుక్క గుర్తు ఉంటే 25 కంటే తక్కువ, అందుకే అంకె వేయలేదు. రంగుల మ్యాప్ గీసేవాళ్లు ఈ బ్రాకెట్లని నిక్షేపంగా తీసేస్తారు. పక్కపక్క జిల్లాల మధ్య ఐదారు పాయింట్ల తేడా మీద వాదించడం దండగ.

పోనీ సర్వే వద్దు, ప్రభుత్వం నెలనెలా ఇచ్చే లెక్క చూద్దామంటారా. అందులో జబ్బు వేరే. శాతానికి కింద ఉండే లక్ష్యం, అంటే ఈ ఏడు ఇంతమంది పిల్లలు పుడతారన్న అంచనా, చాలాచోట్ల పాత జనాభా లెక్క నుంచి దించినది. చివరి జనగణన 2011ది, వచ్చేది 2027లో. ఈలోపు మన రాష్ట్రంలో కాన్పులు బాగా తగ్గాయి. స్త్రీకి సగటున పిల్లలు 1.7 మందే అని ఇదే సర్వే చెప్పింది. లెక్క చేసి చూడండి. 10,000 జనాభా ఉన్న వార్డులో వెయ్యికి 15 చొప్పున ఏడాదికి 150 మంది పుడతారు. పాత అంచనా ప్రకారం 18 చొప్పున లక్ష్యం 180 అని పెట్టారనుకుందాం. ఆ ఏఎన్ఎం 142 మందికి మూడో పెంటా వేస్తే అసలు పని 95 శాతం. కాగితం మీద 79. సమీక్షలో చీవాట్లు తినేది ఆమె. ఒత్తిడి పెరిగితే కాగితం మీద అంకె పెరగడం మొదలవుతుంది, అది ఇంకో గోల.

ఎదురు తప్పు నగరాల్లో జరుగుతుంది. గుంటూరు జీజీహెచ్‌కి (ప్రభుత్వ పెద్దాస్పత్రి), విజయవాడ ప్రభుత్వాస్పత్రికి చుట్టుపక్కల జిల్లాల కాన్పులు వస్తాయి. పుట్టగానే వేసే బీసీజీ, పోలియో సున్నా డోసు, 24 గంటల్లోపు వేయాల్సిన హెపటైటిస్-బి అక్కడే పడి నగరం ఖాతాలో చేరతాయి. ఆరో వారం పెంటా పల్నాడులోనో ప్రకాశంలోనో పడుతుంది. నగరంలో బీసీజీ 100 దాటి, తట్టు టీకా దగ్గరికి వచ్చేసరికి 80ల్లోకి దిగితే పిల్లలు తప్పిపోయారని వెంటనే అనుకోకండి. వాళ్లు ఇళ్లకి వెళ్లిపోయారు. పిల్లలు పుట్టిన చోట బీసీజీ, పెరిగే చోట పెంటా అని గుర్తుపెట్టుకుంటే ఈ లెక్కల్లో సగం చిక్కుముడి విడిపోతుంది. అందుకే జిల్లాల్ని పోల్చడానికి బీసీజీ ఎప్పుడూ వాడకూడదు.

నగరానికి మరో మెలిక ప్రైవేటు క్లినిక్కులు. దేశం మొత్తం మీద పిల్లల్లో 94.5 శాతం మందికి టీకాల్లో ఎక్కువ భాగం ప్రభుత్వ కేంద్రాల్లోనే పడుతున్నాయి. కానీ విజయవాడలో బెంజ్ సర్కిల్, మొగల్రాజపురం, గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట లాంటి చోట్ల కథ వేరు. 'నొప్పి లేని' పెంటా, ఆరింటికి ఒకటే సూది అయిన హెక్సా, ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) బదులు గవదబిళ్లలు కూడా కలిసిన ఎంఎంఆర్ వేయించుకున్న పిల్లల వివరాలు ఆ క్లినిక్కు పుస్తకంలోనే ఉండిపోతాయి. ఏఎన్ఎం వెళ్లి ఆ పుస్తకం చూసి రాసుకుంటేనే లెక్కలోకి వస్తాయి. అపార్ట్‌మెంటు గేటు దగ్గరే ఆపేస్తే ఆమె 'ప్రైవేటు' అని రాసి వచ్చేస్తుంది. విచిత్రమేమిటంటే అదే అపార్ట్‌మెంటు సెల్లార్‌లో ఉండే వాచ్‌మెన్ బిడ్డ కూడా ఆ 'ప్రైవేటు'లో కలిసిపోతాడు. అసలు తప్పిపోయే బిడ్డ వాడు. ఐదో విడతలో దేశం మొత్తం మీద పట్టణాల్లో పూర్తి టీకాలు 75.5 శాతం, పల్లెల్లో 76.8. నాలుగో విడతలో పట్టణం 63.9, పల్లె 61.3. పల్లె పట్టణాన్ని దాటేసింది. ఆస్పత్రులు ఎక్కువున్న చోట టీకాలు ఎక్కువన్న నమ్మకం ఇక్కడే చెదిరిపోతుంది.

ఇప్పుడు పార్టీల సంగతి. ఐదో విడతలో ముందున్న రాష్ట్రాలు చూడండి. ఒడిశాలో అప్పుడు బిజూ జనతాదళ్, సుమారు 89తో ఉన్న హిమాచల్‌లో బీజేపీ, అంతే శాతం ఉన్న తమిళనాడులో అన్నాడీఎంకే, 88 దగ్గర ఉన్న బెంగాల్లో తృణమూల్. వెనకున్నవాటిలో నాగాలాండ్ 58, ఉత్తరప్రదేశ్ 70, బీహార్ 71. ఆస్పత్రులకీ చదువుకీ పేరున్న కేరళ 78 మాత్రమే. ఇందులో మీకు ఏ జెండా కనిపిస్తుంది? తమిళనాడుది ఇంకా తమాషా. మూడో విడతలో 81, నాలుగో విడతలో 70కి జారింది, ఐదో విడతలో 89కి లేచింది. ఆ 70, ఈ 89 రెండూ ఒకే పార్టీ ఏలుబడిలో వచ్చినవి. ఉత్తరప్రదేశ్ మూడో విడతలో 23, నాలుగులో 51, ఐదులో 70. ఆ పదిహేనేళ్లలో అక్కడ ఎస్పీ, బీఎస్పీ, బీజేపీ మూడూ ఏలాయి, గీత మాత్రం పైకే పోయింది. మన గీత కూడా నాలుగో విడత 65 నుంచి 73కి వచ్చింది. మూడో విడతతో పోల్చకండి, అది ఉమ్మడి రాష్ట్రం లెక్క.

పార్టీ కనిపించకపోవడానికి కారణం ఏర్పాటులోనే ఉంది. 1985లో సార్వత్రిక టీకా కార్యక్రమం మొదలైనప్పటి నుంచీ పిల్లల టీకాల షెడ్యూలు ఢిల్లీలో తయారవుతుంది. మందు కేంద్రం కొని పంపుతుంది, వేసేది రాష్ట్రం సిబ్బంది. ఏ పెద్ద పార్టీ కూడా పిల్లల టీకాలు వద్దని ఓట్లు అడగలేదు. 2022 నవంబర్‌లో తట్టు విరుచుకుపడినప్పుడు కేంద్ర బృందాలు వెళ్లిన చోట్లు ముంబై, రాంచీ, అహ్మదాబాద్, మలప్పురం. నాలుగు చోట్లా ఉన్నవి ఒకే జెండా ప్రభుత్వాలు కావు. తట్టు వెతుక్కున్నది ఇరుకిళ్లనీ తప్పిపోయిన డోసునీ.

మీ తమ్ముడు చెప్పింది అబద్ధం కాదు. అమెరికాలో కోవిడ్ టీకా దగ్గర ఓటుకీ డోసుకీ లంకె స్పష్టంగా కనిపించింది. కానీ పిల్లల టీకాల్లో అక్కడ కూడా పార్టీ కంటే చట్టం బలంగా పనిచేసింది. బడిలో చేరడానికి టీకా తప్పనిసరి, మినహాయింపు ఎవరికిస్తారన్నది ఒక్కో రాష్ట్రం ఇష్టం. మిసిసిపీ గట్టి రిపబ్లికన్ రాష్ట్రం. అయినా మతం పేరుతో మినహాయింపు లేనందువల్ల ఏళ్ల తరబడి దేశంలో అన్నిటికంటే ఎక్కువ శాతం ఉన్న రాష్ట్రాల్లో ఒకటిగా నిలిచింది. 2023లో కోర్టు చెప్పాకే ఆ తలుపు తెరుచుకుంది. టెక్సస్‌లో 2025లో తట్టు 762 మందికి సోకి ఇద్దరు పిల్లలు పోయారు. అది మొదలైన గెయిన్స్ కౌంటీలో కిండర్‌గార్టెన్ పిల్లల్లో దాదాపు 18 శాతం మంది ఏదో ఒక టీకాకి మినహాయింపు రాయించుకున్నవాళ్లే. అదే రాష్ట్రంలో వేరే కౌంటీలు నిశ్చింతగా ఉన్నాయి. మన దగ్గర అలాంటి బడి నిబంధన దేశవ్యాప్తంగా లేదు, కాబట్టి ఆ పోలిక ఇంకో అడుగు కూడా ముందుకు పోదు.

మరి మన దగ్గర రాజకీయం ఎక్కడ తగులుతుంది? మొదటిది, ఏ టీకా ఏ రాష్ట్రానికి ఎప్పుడు ఇచ్చారన్నది. విరేచనాలు రాకుండా వేసే రోటా చుక్కలు 2016లో మొదట నాలుగు రాష్ట్రాలకే ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్, ఒడిశా, హరియాణా, హిమాచల్. ఐదో విడతలో రోటా శాతాన్ని రాష్ట్రాల మధ్య పోల్చేవాళ్లు జనం అవగాహనని కాక ఢిల్లీ పంపిణీ వరుసని కొలుస్తున్నారు. న్యుమోనియా టీకా పీసీవీ కూడా అంతే, 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై దేశమంతా రావడానికి 2021 పట్టింది.

రెండోది సిబ్బంది. ఇదే అన్నిటికంటే పెద్దది. పల్లెలో టీకా రోజు నడిచేది ముగ్గురి మీద: సూది వేసే ఏఎన్ఎం, తల్లుల్ని పిలుచుకొచ్చే ఆశా, చోటూ చాపా ఇచ్చే అంగన్‌వాడీ. ఒక కాలు విరిగినా పీట పడిపోతుంది. 2023 డిసెంబర్ నుంచి 2024 జనవరి దాకా రాష్ట్రంలో అంగన్‌వాడీలు 42 రోజులు సమ్మె చేశారు. 42 రోజులంటే ఆరు వారాలు, ఒక బిడ్డకి రెండు డోసులు తప్పడానికి చాలు. జీతాల పంచాయితీ టీకాలకి సంబంధం లేనిదిగా కనిపిస్తుంది గానీ దెబ్బ అక్కడే తగులుతుంది. ఏఎన్ఎం పోస్టు ఖాళీ అయితే పక్క సచివాలయం ఆమెకి 'ఇన్‌ఛార్జి' ఇస్తారు. రెండు చోట్లా ఒకే బుధవారం కాబట్టి ఒకచోట వాయిదా పడుతుంది. మూడుసార్లు వెళ్లి తలుపు వేసి ఉంటే కూలి మానుకుని నాలుగోసారి ఎవరొస్తారు?

సిబ్బందీ మందూ రెండూ ఉన్నప్పుడు ఏమవుతుందో కూడా చూశాం. 2021 జూన్ 20న ఆంధ్రప్రదేశ్‌లో ఒక్క రోజులో 13 లక్షలకు పైగా కోవిడ్ డోసులు వేశారు. అదే యంత్రాంగం, అదే జనం. కానీ ప్రచారంగా ఒక రోజు చేసే పని వేరు, ఏడాదికి యాభై రెండు వారాలు ఒక్కో బిడ్డని వెంటాడటం వేరు. మన వ్యవస్థకి మొదటిది బాగా వచ్చు.

మూడోది ఇళ్లు. కొండ మీద, కాల్వ గట్టు మీద ఉన్న కుటుంబాల్ని తీసి ఊరి బయట కాలనీల్లో పెడతారు. విజయవాడ పక్కన జక్కంపూడి లాంటివి, టిడ్కో ఇళ్లు (ప్రభుత్వం కట్టించిన అపార్ట్‌మెంట్లు), కొత్త లేఅవుట్లు. ఇల్లు మొదట వస్తుంది, ఆశా కార్యకర్త, పట్టణ ఆరోగ్య కేంద్రం తర్వాత ఎప్పుడో. ఈ మధ్యలో పుట్టిన పిల్లలు పాత వార్డు జాబితాలోనూ ఉండరు, కొత్తదానిలోనూ ఉండరు. గుర్తింపు లేని మురికివాడకి చాలాసార్లు ఆశాని కేటాయించరు. పట్టా ఇవ్వడం, ఇవ్వకపోవడం పక్కా రాజకీయ నిర్ణయం. దాని నీడ టీకా జాబితా మీద పడుతుంది.

నమ్మకం సంగతి కూడా కాస్త. 2009లో ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో గిరిజన హాస్టళ్ల ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాతో చేసిన అధ్యయనం కొందరు పిల్లలు చనిపోయాక 2010లో ఆగిపోయింది. మరణాలకి టీకా కారణం కాదని విచారణ తేల్చింది. కానీ తల్లిదండ్రులకి బదులు హాస్టల్ వార్డెన్లతో సంతకాలు పెట్టించిన తీరు తప్పుపట్టదగ్గదేనని తేలింది. ఆ టీకా పేరెత్తితే ఇప్పటికీ కొందరు వెనకాడతారు. దీన్ని మూఢనమ్మకం అనడం నాకు నచ్చదు. అనుమతి సరిగా అడగని చోట అనుమానం పుట్టడం సహజం. 2017లో ఎంఆర్ ప్రచారమప్పుడు తమిళనాడులో, కేరళలో వాట్సాప్ పుకార్లు పనిచేసింది కూడా ముందే గాయమైన చోటే. మన రెండు నగరాల్లో టీకాలు ఆగిపోయేది సిద్ధాంతం వల్ల చాలా అరుదు. 'మొదటి పెంటాకి జ్వరం వచ్చి రాత్రంతా ఏడ్చాడు, మళ్లీ ఎందుకు' అన్న మాట వల్ల ఎక్కువ.

ఆ జ్వరం గురించి ఒక నిమిషం. పెంటాలో కోరింత దగ్గు భాగం వల్ల ఒకటి రెండు రోజులు జ్వరం, తొడ మీద గట్టిపడటం మామూలే. సూది వేశాక ఏఎన్ఎం నాలుగు మాటలు చెప్పాలి: ఏం వేశాను, ఏం రావొచ్చు వస్తే ఏం చేయాలి, మళ్లీ ఎప్పుడు రావాలి, కార్డు జాగ్రత్త. తొక్కిసలాటలో రెండోది ఎగిరిపోతుంది. తల్లి రెండో డోసుకి రాదు. ఆరో వారం, పద్నాలుగో వారం మూడేసి సూదులు: పెంటా, పీసీవీ, పోలియో ఇంజెక్షను. తొమ్మిదో నెలలో కూడా ఎంఆర్, పీసీవీ బూస్టరు, పోలియో ఇంజెక్షను మూడో డోసు. 'ఇవాళ ఒకటే వేయండి, పసివాడు' అని బామ్మ అడ్డుపడుతుంది, మొహమాటానికి ఏఎన్ఎం సరే అంటుంది, మిగతా రెండూ గాలికి పోతాయి. ఒకే రోజు వేరువేరు చోట్ల మూడూ వేయొచ్చు. విడగొట్టడం వల్ల లాభం లేదు.

ఇంకో రహస్య కారణం సీసా. పెంటా, పోలియో, పీసీవీ, డీపీటీ సీసా తెరిచాక చల్లగా, శుభ్రంగా ఉంచి, సీసా మీద రంగు మారే గుర్తు (వేడి తగిలిందేమో చూపేది) బాగుంటే 28 రోజుల వరకు వాడొచ్చు. ఎంఆర్, బీసీజీ అలా కాదు. పొడిలో నీళ్లు కలిపిన నాలుగు గంటల్లో పారేయాలి. ఒక్క బిడ్డ వస్తే మిగతా డోసులు వృథా. వృథా గురించి పైనుంచి గదమాయింపు ఉంటుందని 'వచ్చే వారం ఇంకో ఇద్దర్ని పట్టుకు రండి' అనేస్తారు. ఒక్క బిడ్డకైనా సీసా తెరవమనే నియమం. ప్రైవేటు నర్సింగ్‌హోముల్లో బీసీజీ వారంలో ఒకే రోజు పెట్టుకోవడం ఇందుకే. మూడో రోజే డిశ్చార్జి అయిన బిడ్డ తప్పిపోయేదీ ఇందుకే.

మన దగ్గర ఖాళీలు ఎక్కడుంటాయంటే: విజయవాడలో గుణదల, చిట్టినగర్ వైపు కొండల మీది ఇళ్లు. ఐసుప్యాకుల డబ్బా మోసుకుని మెట్లెక్కలేక కింద శిబిరం పెడతారు, పసిబిడ్డతో బాలింత దిగిరాదు. అజిత్‌సింగ్‌నగర్‌లో 2024 సెప్టెంబర్ బుడమేరు వరద లాంటిది వస్తే కార్డులు నీళ్లపాలు. గుంటూరు, పల్నాడుల్లో జనవరి నుంచి మిర్చి కోతలకి కర్నూలు వైపు నుంచి వచ్చే కుటుంబాలు, ఇటుక బట్టీల్లో ఒడిశా వాళ్లు, అమరావతి పనుల లేబర్ క్యాంపులు. ఈ పిల్లలు సొంతూళ్లో 'ఊళ్లో లేరు', ఇక్కడ 'మనవాళ్లు కారు'. రెండు రిజిస్టర్లూ శుభ్రంగా ఉంటాయి. తట్టు ఆగాలంటే రెండు డోసులూ 95 శాతం మందికి పడాలి. నగరం సగటు 90 ఉన్నా ఒక బట్టీలో 40 ఉంటే అంటుకోవడానికి అది సరిపోతుంది.

మీ వార్డు సంగతి మీరే చూడాలనుకుంటే పూర్తి శాతం అడగకండి, అది ఎవరికీ ఖచ్చితంగా తెలియదు. మూడు అంకెలు అడగండి: గత ఏడాది మొదటి పెంటా ఎందరికి, మూడో పెంటా ఎందరికి, మొదటి ఎంఆర్ ఎందరికి. ఇవి లక్ష్యంతో పనిలేని అంకెలు, ఒకే రిజిస్టరులోవి. మొదటి పెంటా 140, మూడోది 133 అయితే జారినవాళ్లు 5 శాతం, ఫర్వాలేదు. 140 నుంచి 119కి పడితే 15 శాతం. 10 దాటితే సెషన్లు సరిగా జరగడం లేదనో, జ్వరం మాట చెప్పడం లేదనో అర్థం. పెంటా మొదటిదే పుట్టినవాళ్లతో పోలిస్తే బాగా తక్కువుంటే జాబితాలోనే పిల్లలు లేరని. అప్పుడు ఇంటింటి లెక్క మళ్లీ తీయాలి. రెండో ఎంఆర్ ఎప్పుడూ అడగండి, 16 నుంచి 24 నెలల మధ్య వేసేది. ఏడాది దాటాక టీకాలు అయిపోయాయనుకునే ఇళ్లు మన దగ్గర బోలెడు. ఐదేళ్ల డీపీటీ బూస్టరు, 10, 16 ఏళ్ల టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి టీకా) అయితే మరీ అన్యాయం. బడి వయసు పిల్లల్లో కంఠసర్పి బయటపడేది ఆ సందులోంచే.

చివరగా మీరు అడక్కపోయినా: తప్పిన డోసుకి మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన పని లేదు. ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే, పెంటా అయితే డోసుకి డోసుకి కనీసం నాలుగు వారాలు ఎడం. బీసీజీ ఏడాది లోపు ఎప్పుడైనా వేస్తారు. పెంటా, రోటా, పీసీవీ మొదటి డోసు ఏడాది లోపే పడాలి. ఏడాది దాటాక పెంటా బదులు డీపీటీ, అది ఏడేళ్ల వరకు. ఎంఆర్ ఐదేళ్ల వరకు. జలుబు, చిన్న జ్వరం, విరేచనాలు టీకా ఆపడానికి కారణాలు కావు. కార్డు పోతే కాన్పు అయిన ఆస్పత్రి డిశ్చార్జి కాగితం, తల్లి ఫోన్ నంబరు పట్టుకుని మీ సచివాలయం ఏఎన్ఎం దగ్గరికి వెళ్లండి. ప్రభుత్వ టీకాల పోర్టల్ యూ-విన్‌లో నమోదై ఉంటే అందులోంచి, లేదంటే పాత రిజిస్టరులోంచి కొత్త కార్డు రాసిస్తారు. ఇక్కడ ఎక్కువగా బుధ, శనివారాల్లో టీకాలు వేస్తారు. ఉదయమే వెళ్లండి, ఎంఆర్ సీసా అప్పుడే తెరిచి ఉంటుంది.